గోగు మొక్క పాఠానికి నేను వేసిన మార్కులు

నా ఉద్యోగ జీవితం దాదాపు అంతా ఆఖరి బెంచీ మీద గడిచింది. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో అధ్యాపకుడి పని ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది అదే. కాలేజీలో మనం చెప్పే పాఠాలు తక్కువ. పల్లెటూరి బడిలో, మూడో తరగతి పిల్లల వెనక, మోకాళ్లు గడ్డానికి తగిలేంత చిన్న బెంచీ మీద కూర్చుని, ఇరవయ్యేళ్ల అమ్మాయో అబ్బాయో వణుకుతూ చెప్పే పాఠం వినడం ఎక్కువ. విన్నాక రికార్డులో ఎర్ర పెన్నుతో రెండు మాటలు రాస్తాం. మనకు అవి రెండు మాటలే. వాళ్లు వాటిని జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు.

విజయనగరానికీ శ్రీకాకుళానికీ మధ్య ఉన్న ఒక ప్రైవేటు కళాశాలలో ఇరవై ఎనిమిదేళ్లు ఆ పని చేశాను. మోకాళ్లు అరిగిపోవడంతో కిందటేడు, యాభై ఆరో ఏట, స్వచ్ఛందంగా విరమించుకున్నాను. కొత్తగా చేరిన అధ్యాపకులు నా అనుభవాలు రాసిమ్మన్నారు. ఏ సంవత్సరం ఏ హోదా వచ్చింది, ఏ తనిఖీ బృందం ఏమని మెచ్చుకుంది లాంటివి వదిలేస్తున్నాను. వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. కానీ నా గురించి మన కాలేజీలో ఒక కథ తిరుగుతోంది. ఫైనల్ పాఠంలో ప్రణాళిక తప్పిందని ఒక అమ్మాయిని నిర్మొహమాటంగా ఫెయిల్ చేశానన్న కథ. దాన్ని తిప్పింది నేనే. అందులో ఒక అబద్ధం ఉంది. ముఖ్యంగా దాన్ని సరిచేయడానికే ఈ కాగితాలు.

సింహాచలానికి పని నేర్పడం

నేను చేరినప్పుడూ, ఆ తర్వాత చాలా ఏళ్లూ ప్రిన్సిపాల్ అప్పలస్వామి మాస్టారు. తెల్ల పంచె, జేబులో ఎప్పుడూ సుద్దముక్క. యాజమాన్య కోటా సీట్లకు అభ్యర్థులను మేమే మాట్లాడి తీసుకునేవాళ్లం. ఆ మాట్లాడటం ఆయన పద్ధతిలో జరిగేది. మార్కుల జాబితా తీసి పక్కన పెట్టి, అటెండరు సింహాచలాన్ని పిలిచేవారు.

"నీకు బాగా తెలిసిన పని ఒకటి ఇతనికి నేర్పు. పావుగంట టైము" అనేవారు అభ్యర్థితో.

"ఇతనికేమీ రాదు" అని కూడా అనేవారు.

"నాకేటి రాదండి, మీకంటే ఎక్కువే వచ్చు" అని సింహాచలం ప్రతిసారీ గొణిగేవాడు. అయినా స్టూలు లాక్కుని బుద్ధిగా కూర్చునేవాడు. ఏటా కొత్త కొత్త పనులు నేర్చుకోవడం అతనికి సరదాగానే ఉండేది.

ఒకసారి ఇంటర్లో మంచి మార్కులొచ్చిన కుర్రాడొకడు సైకిలు గొలుసు ఎక్కించడం నేర్పుతానన్నాడు. వరండాలో ఉన్న సింహాచలం సైకిలు తెచ్చారు. కుర్రాడు చకచకా గొలుసు ఎక్కించేసి చేతులు తుడుచుకున్నాడు.

"అతనికి నేర్పమన్నాను కదా?"

"ఇంతేనండి. చూస్తే వచ్చేస్తుంది."

"టీచరు పని ఎందుకెంచుకున్నావు బాబూ?"

"ఇంటి దగ్గరే పోస్టింగు పడతాదని మా మావ సెప్పాడండి."

ఆ రోజే పైడితల్లి వచ్చింది. శ్రీకాకుళం వైపు చిన్న పల్లె. అక్కడక్కడా వరి, ఎక్కువ మెట్ట. ఇంటర్ మార్కులు అంతంత మాత్రం. జడ అల్లడం నేర్పుతానంది. మేం నవ్వాం. మూడు రంగుల దారాలు కిటికీ ఊచకు కట్టి, సింహాచలాన్ని దాని ముందు కూర్చోబెట్టింది. చాటలంత అరచేతులు అతనివి. దారాలు మూడో మెలికకే చిక్కుపడ్డాయి.

"అన్నా, ఇప్పీ. మల్లీ మొదట్నుంచి."

"ఇప్పేస్తే ఇప్పటిదాకా అల్లింది పోదా?"

"అల్లేవేటి? సిక్కు సేసేవు. ఎర్రది ఎటెల్లిందో నువ్వే ఎతుకు."

ఎతికాడు. పావుగంట గడిచేసరికి జానెడు జడ తయారైంది, వంకరగా. సింహాచలం దాన్ని విప్పనివ్వలేదు. ఇంటికి పట్టుకుపోయి కూతురికి చూపించుకున్నాడట.

ఆమె వెళ్లాక మాస్టారు నన్నడిగారు. "ఏం గమనించావు?"

"కాస్త మోటుగా మాట్లాడుతోందండి."

"ఒక్కసారి కూడా దారం తను ముట్టుకోలేదు. అది గమనించలేదా?"

గమనించలేదు. ఆ పరీక్ష నాకు మొదటి నుంచీ నచ్చేది కాదు. దేనికి ఎన్ని మార్కులు? ఎవరైనా కోర్టుకెళితే ఏం చూపిస్తాం? మాస్టారు రిటైరయ్యాక ప్రవేశాల బాధ్యత నాకొచ్చింది. ప్రమాణాలు పెంచాలన్న పట్టుదలతో నేను చేసిన మొదటి పని ఆ పరీక్ష ఎత్తేయడం. దాని బదులు రాత పరీక్ష పెట్టాను. విద్యా మనస్తత్వ శాస్త్రం, బోధనా పద్ధతులు, అన్నీ ఒక్క పదం జవాబులు. హాజరు పట్టీలో మాత్రమే కనిపించే విద్యార్థులను తొలగించాను. అది మంచి పనే, ఇప్పటికీ అంటాను. అయితే సింహాచలం స్టూలు తీయించడం మంచి పని కాదు. ఆ రెండూ ఒకే ఊపులో, ఒకే గర్వంతో చేశాను.

పిల్లలకి కంఠతా వచ్చిన పాఠం

నా ఉద్యోగంలో నాకు ఇష్టమైన రోజులంటే టీచింగ్ ప్రాక్టీసు రోజులే. ఉదయం ఏడున్నరకు రామతీర్థం రోడ్డులో బస్సు దిగేవాళ్లం. ఇరవైమంది ఛాత్రోపాధ్యాయులు, చంకల్లో న్యూస్ పేపర్లు చుట్టిన చార్టులు. చీర కట్టడం కొత్త కాబట్టి అమ్మాయిలు బస్సు దిగగానే కుచ్చిళ్లు సర్దుకునేవారు. అబ్బాయిలు టక్ చేసుకుని ఒకళ్లనొకళ్లు వెక్కిరించుకునేవారు. బడి గేటు దగ్గర పిల్లలు "టీచర్లొచ్చీసినారు!" అని అరుస్తూ ఎదురొచ్చేవాళ్లు. నిన్నటిదాకా ఎవరూ లెక్కచేయని ఇరవయ్యేళ్ల మనిషిని ఎనిమిదేళ్ల పిల్ల 'టీచరు' అని పిలిచినప్పుడు ఆ మొహంలో వచ్చే మార్పు చూడాలి. ఆ ఒక్క క్షణం కోసమే నేను ఆ చిన్న బెంచీలను భరించానని ఇప్పుడనిపిస్తుంది.

హెడ్మాస్టరు గారింటి నుంచి గిన్నెతో చోడి అంబలి, అంటే రాగి జావ, వచ్చేది. ఉల్లిపాయ నంజుకుని వేపచెట్టు కింద తాగి, మళ్లీ గదుల్లోకి వెళ్లేవాళ్లం.

ఆ బడికి ఒక చిత్రమైన చదువు అబ్బింది. ఏళ్ల తరబడి మా కాలేజీవాళ్లు అక్కడే ప్రాక్టీసు చేశారు. ప్రతి బ్యాచీ తేలిక పాఠాలే ఎంచుకునేది. మూడో తరగతిలో 'మొక్క భాగాలు' అందరికీ ప్రియమైన పాఠం. చార్టు పాతది దొరుకుతుంది, తంటా లేదు. దాంతో పిల్లలు ఆ పాఠం ఒక్క ఏడాదిలోనే పదిసార్లు వినేవారు. పాఠం ఒక్కటే కాదు, పాఠం చెప్పే పద్ధతి కూడా వాళ్లకి కంఠతా వచ్చేసింది.

ఒకసారి ఒకబ్బాయి మధ్యలో మాట మర్చిపోయి నిలబడిపోయాడు. ముందు బెంచీలో పిల్ల మెల్లగా అందించింది. "సారూ, ఇప్పుడు మీరు సార్టు తియ్యాలి."

తీశాడు. "ఇది ఏమిటి?"

"ఏరండి" అన్నారు అందరూ. చార్టు ఇంకా చుట్ట విప్పలేదు.

మేం కాలేజీకి తిరిగొచ్చి పడి పడి నవ్వుకున్నాం. నవ్వుకోవాల్సిన సంగతి కాదని ఎవరికీ తట్టలేదు.

ఫైనల్ పాఠాలకు బయటి జిల్లా నుంచి పరీక్షకులు వస్తారు. వాళ్ల ముందు పిల్లలు తడబడకూడదని, ఎవరెవరు ఏ పాఠం చెబుతారో ముందే రాసిచ్చి ఆ పాఠాలు పిల్లలకి వారం ముందు నుంచీ చదివించేవాళ్లం. జవాబు చెప్పే పిల్లలను ముందు వరసల్లో కూర్చోబెట్టేవాళ్లం. ఇది ఒక్క మా కాలేజీ అలవాటు కాదు. అయినా మా దగ్గర ఆ కాగితం మీద సంతకం నాది. ప్రమాణాల గురించి అందరికంటే గట్టిగా మాట్లాడేవాణ్ని కూడా నేనే.

పైడితల్లి పాఠం

ఆ ఏడు బయటి పరీక్షకురాలిగా వరలక్ష్మి గారు వచ్చారు. నెమ్మదస్తురాలు. నా పక్కన అదే చిన్న బెంచీ మీద కూర్చుని, కాగితాలు ఒళ్లో పెట్టుకున్నారు.

పైడితల్లికంటే ముందు చెప్పిన అబ్బాయి పాఠం గడియారంలా నడిచింది. ప్రేరణ, శీర్షిక ప్రకటన, ప్రదర్శన, పునశ్చరణ, ఇంటిపని. ఐదు మెట్లకు ఐదు గడులు, అన్నింట్లో నేను నిండుగా మార్కులు వేశాను.

తర్వాత పైడితల్లి వచ్చింది. అదే 'మొక్క భాగాలు'. రెండు ప్రశ్నలు అడిగింది. పిల్లలు ఆమె నోరు మూయకముందే అరిచారు. ఆమె మొహంలో ఏదో అనుమానం కదిలింది. వెనక వరసలో, నా మోకాలికి దాదాపు తగులుతూ కూర్చున్న కుమారి అనే పిల్ల దగ్గరకి వచ్చి, "సదువమ్మా" అని పుస్తకం తెరిచి ఇచ్చింది.

కుమారి గడగడా చదివింది. "మొక్కకు వేరు, కాండము, ఆకులు, పువ్వులు ఉండును. వేరు మొక్కను నేలలో నిలిపి ఉంచును..."

పైడితల్లి తెరిచి ఇచ్చిన పేజీలో ఉన్నది మొక్క పాఠం కాదు, పోస్టాఫీసు పాఠం. ఎర్ర డబ్బా బొమ్మ నా బెంచీ మీద నుంచి నాకు కనిపిస్తోంది. వరలక్ష్మి గారికి కూడా కనిపించింది.

పైడితల్లి పుస్తకం మూసేసింది. కోప్పడలేదు. పిల్ల పక్కన నేల మీద కూర్చుంది.

"మీ మడిలో ఏటేసినారు ఈ యేడు?"

"గోగండి."

సుద్దముక్కతో నాపరాయి మీద 'గోగు' అని పెద్దగా రాసింది. "ఇదీ మీ గోగు. ఇది గో. ఇది గు. ఏదీ, ఏలెట్టి సూపించు."

పిల్ల చూపించింది. "గోగులో మనం తినేదేటి?"

"ఆకండి. కూరొండుతాది మా యమ్మ."

'ఆకు' అని రాసింది. "తాడు పేనేది దేంతోటి?"

"నారతోటండి. కర్ర నాన్బెట్టి ఒలుస్తారు."

"అయితే కర్రనేటంటారు పుస్తకంలో?"

కుమారి ఆలోచించింది. ఏడాదిలో పదిసార్లు వల్లించిన మాట అది. మొదటిసారి దాన్ని ఎక్కడో చూసినట్టు మొహం పెట్టి, "కాండమా?" అంది.

అప్పటికి ముందు బెంచీల పిల్లలు లేచి వచ్చేశారు. "టీచరూ, మాది సోడి సేనండి", "మాది నువ్వండి, రాయండి" అని మీద పడ్డారు. ఆమె సుద్దముక్కలు తుంచి వాళ్ల చేతికే ఇచ్చింది. గది నేలంతా రాతలు. బల్ల మీద చార్టు చుట్ట విప్పకుండానే ఉండిపోయింది. గోల విని హెడ్మాస్టరు గారు గుమ్మంలోకి వచ్చి, మమ్మల్ని చూసి వెనక్కి వెళ్లిపోయారు. గంట కొట్టేసరికి కుమారి నేల మీద రాసిన ఆరు మాటలు కూడబలుక్కుని చదివింది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, తప్పు చదివినప్పుడు తనే తల విదిలించి వెనక్కి వచ్చి చదివింది.

పునశ్చరణ లేదు. ఇంటిపని లేదు. చీరంతా సుద్దపొడితో పైడితల్లి లేచి మాకు నమస్కారం పెట్టింది. తను చాలా బాగా చెప్పానని ఆమెకు తెలుసు. ఆ మొహం నాకిప్పటికీ గుర్తుంది.

ఎర్ర పెన్ను

వరండాలోకి వచ్చాక వరలక్ష్మి గారు అడిగారు. "పిల్లలకి ఈ పాఠం ముందే చెప్పించారా మాస్టారూ?"

"లేదండీ."

"మరి ఆ పాప పోస్టాఫీసు పేజీలో మొక్క ఎలా చదివింది?"

"భయపడి ఉంటుంది."

ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి వదిలేశారు. "ఈ అమ్మాయికి ఏం వేద్దాం?"

ఇక్కడిదాకా నేను ఎవరికీ చెప్పలేదు. కథలో నేను చెప్పేది ఇక్కడి నుంచే. ఆ అమ్మాయి ప్రణాళిక పాటించకుండా వెనక వరసలో చదవడం రాని ఒక పాప దగ్గర కూర్చుండిపోయింది, తరగతిని అదుపులో పెట్టలేదు, బోధనోపకరణం వాడలేదు, కాబట్టి తప్పించాను. ఒక్కో మాటగా చూస్తే అన్నీ నిజాలే. ఐదు గడుల్లో రెండింట్లో సున్నా, మిగతావాటిలో అరకొర. "మీరిలా వేస్తే మొత్తం పరీక్షే పోతుంది కదండీ. ఏడాది ఆగాలి" అన్నారు వరలక్ష్మి గారు. "ప్రమాణం అంటే ప్రమాణమే మేడం" అన్నాను.

అసలు సంగతి ఇది. ఆమెకు మార్కులు వేస్తే ఆమె ఎందుకు పుస్తకం మూసిందో ఒప్పుకోవాలి. పిల్లలు చదవడం లేదని, వల్లిస్తున్నారని, వల్లింపజేసింది నేనేనని ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ల పిల్ల ముప్పావుగంటలో నన్ను బయటపెట్టేసింది. తను ఆ పని చేస్తున్నానని కూడా ఆమెకు తెలియదు. పాఠం చెప్పింది, అంతే. నాకు భయం వేసింది. ఆ భయానికి ఎర్ర పెన్నుతో ప్రమాణమని పేరు రాశాను.

ఫలితాలొచ్చిన వారానికి ఆమె తండ్రి సూర్నారాయణ కాలేజీకి వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో చెప్పులు. స్టాఫ్ రూము గడప దగ్గరే నిలబడ్డాడు.

"బాబూ, మా పిల్ల నిజంగా సెప్పనేదా? బాగా సెప్పినానంటన్నాది."

"బాగా చెప్పాననుకోవడం వేరు, చెప్పడం వేరండి. మీ అమ్మాయికి పాఠం చెప్పడం రాదు."

"నేర్సుకుంటే వస్తాదా బాబూ?"

"కొందరికి రాదు. వేరే ఏదైనా చూసుకోమనండి."

ఆయన తలూపాడు. "తవరు సెప్తే అంతే బాబూ. తవరు మొకమాటానికి సెప్పరంటారు" అని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు ఆమె మళ్లీ పాఠం చెప్పి పాసయింది. ఆ రోజు నేను వేరే బడిలో ఉన్నాను. కానీ మధ్యలో డీఎస్సీ ప్రకటన వచ్చి వెళ్లిపోయింది. ఆమె బ్యాచీలో చాలామందికి ఉద్యోగాలు వచ్చాయి. గడియారంలా పాఠం చెప్పిన అబ్బాయికీ వచ్చింది. మళ్లీ ప్రకటన చాలా ఏళ్లదాకా రాలేదు.

కథ ఎలా పెరిగింది

మొదట స్టాఫ్ రూములో చెప్పాను. తర్వాత కొత్త బ్యాచీలకు మొదటి రోజు చెప్పేవాణ్ని. కథలో ఆ అమ్మాయి క్రమంగా అజాగ్రత్త మనిషైంది, చార్టు కూడా తేకుండా వచ్చిందనేవాణ్ని. కిటికీ అవతల ఎవరో సిఫారసు చేయబోతే నేను తిప్పి పంపానన్న మాట ఎక్కడి నుంచి వచ్చి చేరిందో నాకే తెలియదు. నాలుగు కాలేజీలవాళ్లం కలిసి ధ్రువపత్రాల ప్రమాణాల మీద మార్గదర్శకాలు రాసుకున్నప్పుడు 'పాఠ్యప్రణాళిక తప్పినవారికి ఉత్తీర్ణత లేదు' అన్న వాక్యం నాదే. దాన్ని మీరింకా వాడుతున్నారు.

కొత్తవాళ్లకు ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఇదంతా చదివి, అందరినీ పాస్ చేసేయడమే దయ అనుకోకండి. పాఠం చెప్పడం రానివాళ్లను నేను మొహమాటానికి పాస్ చేసిన సందర్భాలూ ఉన్నాయి. వాళ్ల చేతుల్లో చదివిన పిల్లలను ఎక్కడ చూసినా తల దించుకుంటాను. ప్రవేశాలు కఠినంగానే ఉండాలి. ధ్రువపత్రం అందరికీ రాకూడదు. కానీ గడులు నింపడం సులువని ఆ గడులకే మార్కులు వేయకండి. పాఠం మొదట్లో చదవలేని పిల్ల, పాఠం చివర్లో చదివిందా? ముందు అది చూడండి. ప్రాక్టీసుకి ఏటా ఒకే బడికి వెళ్లకండి. పాఠం పేరు ఆ రోజు ఉదయం చెప్పండి, వారం ముందు కాదు. ప్రవేశానికి వచ్చినవాళ్ల చేత ఎవరికో ఒకరికి ఏదో ఒకటి నేర్పించి చూడండి. కోర్టులో చూపించడానికి పనికిరాకపోయినా పరవాలేదు.

నేనీ మాటలు అనగలగడానికి కారణం మీలో ఒకమ్మాయి. విరమించుకున్నాక మీ శిక్షణ తరగతికి పిలిచారు. అలవాటుగా ఆ కథ చెప్పాను. అందరూ తలలూపారు. ఆ అమ్మాయి మాత్రం చెయ్యెత్తి అడిగింది. "మాస్టారూ, ఆ వెనక వరస పాప చివరికి చదివిందా అండి?"

అన్నేళ్లలో ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు.

"చదివింది" అన్నాను. క్లాసు అక్కడితో ముగించేశాను.

భోగాపురం దగ్గర

పైడితల్లి ఎక్కడుందో ఆమె బ్యాచీవాళ్లు చెప్పారు. భోగాపురం దగ్గర అద్దె ఇంట్లో నడిచే చిన్న ప్రైవేటు బడి. విజయనగరం నుంచి బస్సులో వెళ్లాను. కొత్తగా కడుతున్న విమానాశ్రయం లారీల దుమ్ముకి బడి గోడల మీది బొమ్మలు రంగు మారిపోయి ఉన్నాయి.

"మాస్టారా! మీరేటండి ఇలాగొచ్చినారు? కూకోండి, కూకోండి." కుర్చీ తుడిచింది. నలభైకి దగ్గర పడిన మనిషి. జుట్టులో అక్కడక్కడా తెలుపు, కళ్లజోడు. పెళ్లి, ఇద్దరు పిల్లలు. తర్వాత వచ్చిన డీఎస్సీలో కొద్దిలో పోయిందట, ఆ తర్వాత పిల్లలతో మళ్లీ రాయలేకపోయిందట. మామూలు సంగతుల్లా చెప్పింది. నేను నోరు తెరిచేలోగా గంట కొట్టారు.

"నా కలాసుంది. రండి మాస్టారూ, ఒక్క పాఠం సూసెల్లండి. మీకు సూపించాలని ఎన్నేళ్ల నుంచో ఉన్నాది."

వెళ్లి వెనక కూర్చున్నాను. నీటి వనరుల పాఠం. రెండు ప్రేరణ ప్రశ్నలు. శీర్షిక ప్రకటన. చార్టు సరిగ్గా మూడో మేకుకి వేలాడింది. "ఇది ఏమిటి?" "చెరువు టీచర్." "ఇది ఏమిటి?" "నది టీచర్." పిల్లలంతా ఒకే గొంతు. ఎవరూ కదల్లేదు. పునశ్చరణ, ఇంటిపని. గంటకు సరిగ్గా అర నిమిషం ముందు ముగించింది. ఒక్కో మెట్టు దగ్గరా నా మొహం వైపు చూసింది.

నేను రాసిన మార్గదర్శకాల ప్రకారం ఆ పాఠానికి నిండు మార్కులు. కిటికీ పక్కన ఒక పిల్లవాడు పుస్తకం తలకిందులుగా పట్టుకుని అందరితో కలిసి చదివాడు. ఆమె చూడలేదు. ఒకప్పుడైతే ముందు చూసేది అదే.

వరండాలోకి వచ్చాం. "ఇప్పుడెన్నేస్తారండి?" అంది నవ్వుతూ.

చెప్పాను. వారం ముందు చదివించిన కాగితం సంగతి, పోస్టాఫీసు పేజీ, వరలక్ష్మి గారితో ఆడిన అబద్ధం, అన్నీ. "ఆ రోజు నువ్వు చెప్పినంత మంచి పాఠం నేను నా సర్వీసులో చూడలేదమ్మా. నీకు కాదు, నాకు తగ్గాయి మార్కులు."

ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవలేదు. కోపంగా ఉంది.

"ఉద్యోగం పోనాది, సరే. అది సానామందికి పోతాది. కానీ మాస్టారూ, నాను మిమ్మల్ని నమ్మినాను. ఇంకెవులైనా తప్పించుంటే తిట్టుకుని ఊరుకుందును. మీరు అబద్దమాడరని అందరూ అనీవోరు. అందుకని అయ్యన్నీ మానీసినాను. నేలమీద కూకోడం, పిల్లల సేత రాయించడం, అన్నీ. అది సదువు సెప్పడం కాదనుకున్నాను. మీ ఐదు మెట్లు బట్టీ పట్టి ఇన్నేళ్లూ అదే సేసినాను. ఇప్పుడొచ్చి ఆ రోజుదే బాగుందంటన్నారా?"



"రాస్తాను. కాలేజీవాళ్లందరికీ తెలిసేలా రాస్తాను" అన్నాను.

"రాసుకోండి. కాలేజీవోల్లు నాకేటి సుట్టాలు? మా నాన్నకేటి సెప్పినారు మీరు? గుర్తున్నాదా?"

"ఉంది."

"ఆ మాట ఇన్నాక ఆయన ఇంటికొచ్చి నన్నొక్క మాట అన్లేదు. పొలం పనికి రమ్మన్నాడు, అంతే. ఈ బడిలో సేరినప్పుడు కూడా, 'ఎందుకే, నీకు రాదని సెప్పీసినారు గదా పెద్దోరు' అన్నాడు." ఫోను తీసి నంబరు నొక్కింది. "ముందు ఆయనకి సెప్పండి."

అవతల మోగుతోంది. "నాన్నా, మా మాస్టారు మాటాడతారంట" అని అరిచి ఫోను నా చేతిలో పెట్టింది. "కాస్త సెముడు. గట్టిగా మాటాడండి."

"నమస్కారమండి, నేను కాలేజీ మాస్టారిని" అన్నాను.

"ఎవులు?"

ఇంకా గట్టిగా చెప్పాను. పక్క గదిలో ఎక్కాలు చదువుతున్న పిల్లలు ఆపేశారు.

"ఆ, ఆ, బాబూ, సెప్పండి!"

"మీ అమ్మాయికి పాఠం చెప్పడం వచ్చు. ఆ రోజు చాలా బాగా చెప్పింది. తప్పు మాట చెప్పింది నేను."

అవతల కాసేపు గాలి చప్పుడు. పొలంలో ఉన్నట్టున్నాడు.

"మరి బాగా సెప్తే రాదని ఎందుకన్నావు బాబూ?"

"భయపడ్డానండి" అన్నాను.

"ఏటి? ఇనిపించనేదు."

గుమ్మాల్లోకి పిల్లలు, టీచర్లు వచ్చి నిలబడ్డారు. నేను పైడితల్లి వైపు చూశాను. ఆమె చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"గట్టిగా సెప్పండి మాస్టారూ" అంది.

గట్టిగా చెప్పాను.